దేవుడి గదిలో విమానం

మా ఆయన ఆ విమానాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను సంతోషించాను. ఈ మాట ముందే చెప్పాలి. లేకపోతే తరవాతదంతా చదివి, నేను మొదటినుంచీ మూతి ముడుచుకుని కూర్చున్నాననుకుంటారు.

ఎనభైల నడిమి మాట. నరసరావుపేటలో రోడ్డు పక్క ఇంట్లో అద్దెకుండేవాళ్ళం, నేను, మా ఆయన, మా అత్తమ్మ. ఆయనకు బజార్లో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు. కిందపడి పగిలిన రేడియో డబ్బాను అతికించడంలో ఆయనకు పేరు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలిసేది కాదు. ఆ పేరు విని చిలకలూరిపేట నుంచి ఒక పత్తి ఆసామి వెతుక్కుంటూ వచ్చాడు. కొత్తగా పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు పెడుతున్నాడు. కార్తీక పౌర్ణమి మర్నాడు ప్రారంభం. ఆయన బావమరిది సింగపూరు నుంచి ఒక విమానం తెచ్చాడు. ఎక్కి కూర్చునేది కాదు. చేతిలో రేడియో పెట్టె పట్టుకుని నేలమీద నిలబడి మీటలు కదుపుతుంటే ఆకాశంలో తిరిగేది. రెక్కలు బారెడు. మిల్లుకు కొబ్బరికాయ కొట్టే వేళకు అది పైనుంచి పూలు కురిపించాలట.

"మా చిలకలూరిపేటలో ఇన్ని మిల్లులున్నయ్, ఒక్కదానికన్నా ఆకాశం మీంచి పూలు పడినయ్యా? నా మిల్లుకి పడాల," అన్నాడు మా వరండాలో కూర్చుని. "ఇంజనూ రేడియో మా బావమరిది చూసుకుంటాడు. ఎగరేసేదీ వాడే. ఈ ప్లాస్టిక్ ముక్కలన్నీ అతికించి మంచి ఎర్రరంగు కొట్టు. అంతే నీ పని, అబ్బాయ్."

అట్టపెట్టె విప్పితే లోపల తెల్లటి ముక్కలు. పొట్ట నిలువునా రెండు చెక్కలుగా ఉంది. ముక్కు మీదికో తొడుగు, చక్రాలకు తొడుగులు, రెక్కల కొసలకు టోపీల్లాంటివి, నడిపేవాడు కూర్చునే చోట పైన కప్పే అద్దంలాంటి బుడగ. మా ఆయన ఒక్కోదాన్నీ తీసి వెలుతురుకు పెట్టి చూసుకుంటుంటే ఆ మొహం చూడాల్సిందే. ఇష్టమైన పని చేతిలో పెట్టావు స్వామీ అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నాకు అదొక అలవాటు. కుళాయిలో నీళ్ళు వచ్చినా, పాలు విరగకుండా కాగినా, వెంటనే దణ్ణం పెట్టకపోతే ఏదో ఎగ్గొట్టినట్టు ఉంటుంది.

ఆ కార్తీకంలో దేవుడికి చెప్పుకోవాల్సిన దణ్ణం మరీ పెద్దది. అంతకుముందు వేసవిలో మా నాన్నకు గుంటూరులో రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. బడికి పోని నాకు బడి ఆయనే. మా ఊరు గురజాల దగ్గర. బడి వాగు అవతల ఉండేది, ఆడపిల్లను వాగు దాటించనని మా నాయనమ్మ మొండికేస్తే, సరే, బడినే ఇంట్లోకి తెస్తానన్నాడట. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, అరుగు మీద నాకు అక్షరాలు దిద్దించేవాడు. అట్లాంటి మనిషి కళ్ళలో పొరలు కమ్మి, నా చేతిలో ఉన్నది పుస్తకమో పళ్ళెమో తెలియని స్థితికొచ్చాడు. ఆసుపత్రి వరండాలో నిలబడి మొక్కుకున్నాను. చూపు ఇయ్యి అని కూడా కాదు, ఇచ్చావు గదా అనే అనుకుని మొక్కాను. మా ఇంట్లో, నీ ముందు, కార్తీకం నెలంతా ఒక్క పొద్దూ తప్పకుండా దీపం పెడతాను అని. కట్టు విప్పిన రోజు నాన్న నా మొహం చూసి, "అమ్మాయ్, చిక్కావేందే?" అన్నాడు. అదే నాకు దేవుడి జవాబు.

అది బదులు తీర్చాల్సిన నెల. మా ఆయనకు తెలుసు. అత్తమ్మకు తెలుసు.

దీపావళికి ముందు పని వరండాలోనే సాగింది. పొట్ట చెక్కల అంచులకు సన్నటి పుల్లతో గమ్ము రాసి, రెండూ కలిపి, బట్టల క్లిప్పులు, సైకిలు ట్యూబు ముక్కలు వేసి బిగించేవాడు. పెట్టెలో వచ్చిన గమ్ము గొట్టాలు నాలుగు రోజుల్లో అయిపోయినై. అప్పుడు ఆయన తన పద్ధతి మొదలుపెట్టాడు. పగిలిన రేడియో డబ్బాల ముక్కలు సీసాలో వేసి, పైన థిన్నరు పోసి మూత పెడితే, తెల్లారేసరికి కరిగి తేనెలా అయ్యేది. దాంతో అతికిస్తే రెండు ముక్కలు ఒకదాంట్లోకొకటి కరిగి ఒక్కటైపోతాయి. కాస్త ఎక్కువైతే ప్లాస్టిక్ కూడా మెత్తబడి ముడతలు పడుతుంది, వేలు తగిలితే వేలిముద్ర అట్లాగే నిలిచిపోతుంది. ఎండాక ఉప్పుకాగితం నీళ్ళలో తడిపి, అతుకు మాయమయ్యేదాకా రుద్దాలి. రుద్దడానికి నేనూ కూర్చున్నాను. తెల్లటి పాలు కారుతున్నట్టు కారేది.

చిక్కంతా రంగుతో వచ్చింది. మా ఇంటి ముందు పొద్దస్తమానం మాచర్ల వైపు నుంచి నాపరాళ్ళ లారీలు పోతుంటాయి. మొదటి పూత వేసి వరండాలో ఆరబెడితే, గంటకల్లా ముక్కు తొడుగు మీద సన్న దుమ్ము మీసంలా మొలిచింది. మళ్ళీ గీకడం, మళ్ళీ వేయడం. కొట్లో పెడదామంటే అక్కడ ఇంకా ఘోరం, పొద్దంతా జనం, ఎర్రగా కాలే సోల్డరింగు కడ్డీ. ఇల్లంతా తిరిగి చూసుకున్నాడు ఆయన. దుమ్ము రాని చోటు ఒక్కటే, దేవుడి గది. కిటికీ లేదు, తలుపు గట్టిది.

"రెండ్రోజులు," అన్నాడు. "రెండే రోజులు. రంగు ఆరంగానే తీసేస్తా."

"దీపం ఎట్టా పెట్టేది?"

"దీపమా? నాయనా, అసలు పెట్టకు!" అని పెరట్లోకి తీసుకుపోయి, థిన్నరు తుడిచిన గుడ్డపీలిక మీద అగ్గిపుల్ల వేశాడు. భగ్గుమని నా కనుబొమ్మల దాకా లేచింది. "చూశావుగా. ఆ గదిలో ఇక గాలంతా ఇదే."

చూశాను. కాదనడానికి లేదు. కాదనడానికి లేని మాట చెప్పి మనిషిని కట్టేస్తే వచ్చే కోపం వేరుగా ఉంటుంది. అరిచి పోగొట్టుకునేది కాదది, మింగితే దిగేదీ కాదు.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చేసరికి దేవుడి పటాలు వంటింటి అలమరలో ఉన్నాయి. ఉసిరికాయ పచ్చడి జాడీకీ, పిండి డబ్బాకూ మధ్య. నన్ను అడగలేదు. స్నానం చేసి ముట్టుకున్నాడో లేదో కూడా తెలియదు. ఆయన చేతికి ఎర్రరంగు ఉంది, దేవుడి పటం అద్దం మీద బొటనవేలి ముద్ర ఎర్రగా ఉంది.

"ఏంది ఇది?" అన్నాను.

"ఏందంటావేమే? ఇక్కడ పెట్టుకో దీపం. పొయ్యి దగ్గరే, వెచ్చగా ఉంటాడు."

ఆయనకది హాస్యం. అత్తమ్మ కూడా నవ్వింది. "పోనీలే అమ్మాయ్, చానామంది ఇళ్ళల్లో దేవుడు వంటింట్లోనే ఉంటాడు. ఏం, ఆళ్ళకి పుణ్యం రాదా?"

వస్తుంది. వాళ్ళ ఇళ్ళల్లో ఆయన చోటు అదే కాబట్టి వస్తుంది. మా ఇంట్లో ఆయనను లేపి, ఆయన పీట మీద ప్లాస్టిక్ రెక్క టోపీలు ఆరబెట్టారు. ఈ తేడా చెబుదామంటే నా నోట మాటలు సరిగ్గా పేర్చుకోవడం రాలేదు. దీపం పెట్టాను. పెట్టి, పచ్చడి జాడీ కాస్త పక్కకు జరిపి దణ్ణం పెట్టుకున్నాను. ఆరోజు నా దణ్ణంలో కృతజ్ఞత ఉందో లేదో నాకే తెలియదు. చేతులైతే జోడించాను, పళ్ళు కూడా బిగించాను.

రెండు రోజులు నాలుగైనై. నాలుగు వారమైంది. ఒక పూత ఆరకముందే ఇంకోటి వేస్తే రంగు ముసలివాళ్ళ చర్మంలా ముడుచుకుంది, అంతా గీకి మళ్ళీ మొదలు. అద్దం బుడగ అతికిస్తే గమ్ము ఆవిరి లోపలికి పోయి తెల్లగా మసకేసింది. ఆయన దాన్ని చూసి తల పట్టుకున్నాడు. నేను మాత్రం, ఇంత పని అయితేగానీ ఈ మనిషికి మసక అంటే ఏమిటో తెలియలేదు అనుకున్నాను. మూడు రోజులు పళ్ళపొడితో లోపల రుద్ది, మళ్ళీ మెరిపించాడు. ఇల్లంతా థిన్నరు వాసన. అన్నంలో అదే, దిండులో అదే. నా తల పొద్దుటినుంచీ గానుగలా తిరిగేది.

పౌర్ణమికి నాలుగు రోజుల ముందు కుంచె గీతలు కనపడుతున్నాయని, పురుగుమందు కొట్టే చిన్న చేతిపంపు కొని, అందులో రంగు పోసి కొట్టాలని నిర్ణయించాడు. గదిలో కాదు, పెరట్లో. విమానాన్ని దండేనికి వేలాడగట్టాడు. నేను అత్తమ్మకు జడ వేస్తున్నాను. పంపు చప్పుడు వినపడింది, దాని వెంట "అబ్బ" అన్న చిన్న మాట. వెళ్ళి చూస్తే విమానం బ్రహ్మాండంగా ఉంది. దాని వెనక తులసి సగం దాకా ఎర్రగా ఉంది. కార్తీకంలో, పొద్దున నేను పసుపు కుంకుమ పెట్టిన కోట, పెట్టిన ముగ్గు, కొమ్మలు, అన్నీ ఎర్రగా, నూనెరంగు కారుతూ.

"గాలి మళ్ళింది," అన్నాడు. "ఆకులేగా. తుంచేస్తే మళ్ళీ వస్తయ్."

కార్తీకంలో ద్వాదశి ముందు రోజు తులసి తుంచేస్తే! అత్తమ్మ అప్పుడు నవ్వలేదు. "ఒరేయ్, ఇది మనిషి చేసే పనేనంట్రా?" అంది. ఆయన ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడవడానికి కూర్చున్నాడు. గుడ్డకు థిన్నరు పెట్టబోతే చేతిలోంచి లాక్కున్నాను. అప్పటికి నోరు తెరిస్తే ఏ మాట బయటికొస్తుందో నాకే భయంగా ఉంది.

పౌర్ణమినాడు నాన్న వస్తున్నాడు. దీపం చూడటానికి రమ్మని నేనే కబురు పెట్టాను. ఆయన కళ్ళకు మొక్కిన దీపం ఆయన కళ్ళతో చూడాలని. పొద్దున్నే మా ఆయనతో చెప్పాను, ఈరోజు గది ఖాళీ చెయ్యండి అని.

"రేపు తెల్లారితే మిల్లు. ఆఖరి పూత రాత్రే వేశా, సాయంత్రానికిగానీ ఆరదు. ఇన్నాళ్ళు ఓర్చుకున్నావు, ఈ ఒక్కపూట..." అని చెప్పులేసుకుని కొట్టుకు పోయాడు.

ఈ ఒక్కపూట కోసమే మిగతా పూటలన్నీ ఓర్చుకున్నానని ఆయనకు తట్టలేదు. అదీ నా కోపం. ఇప్పటికీ అదే. విమానం మీద నాకేం కోపం లేదు, అంత నున్నటి పని నేను మళ్ళీ చూడలేదు. ఆయనది పని, గడువు ఉంది, ఇచ్చిన మాట ఉంది. నాది పూజ, ఎప్పుడైనా చేసుకోవచ్చు. దేవుడికిచ్చిన మాటకు గడువు ఉండదా?

మధ్యాహ్నం అన్నాలైన తరవాత లేచాను. విమానాన్ని చక్రాల దగ్గర, పొట్ట కింద, రంగు లేని చోటు చూసి పట్టుకుని ఎత్తాను. పిల్లవాడంత బరువు కూడా లేదు. వరండాలో మంచం మీద పెట్టాను. గమ్ము సీసాలు, రంగు డబ్బాలు, గుడ్డపీలికలు పెరటి గోడ అవతల పెట్టాను. తలుపులు బార్లా తీసి, గది నాలుగు నీళ్ళు పోసి కడిగాను. వాసన పోయేదాకా చేటతో విసిరాను. గడపకు పసుపు రాశాను. దేవుణ్ణి ఆయన చోటికి తెచ్చాను. అత్తమ్మ వాకిట్లో కూర్చుని అంతా చూసింది. ఆపలేదు, సాయం పట్టలేదు. చివర్లో మాత్రం, "ఒత్తులు తడిపావా?" అంది.

పొద్దు వాలే వేళకు ఆయనా, నాన్నా ఒకేసారి వచ్చారు. బస్టాండు దగ్గర కలిశారట. మంచం మీద విమానం, దాని మీద లారీల దుమ్ము.

"ఎవరు బయటపెట్టింది?"

"నేనే."

"నీకేమన్నా పిచ్చా? తడి రంగు మీద దుమ్మంతా అంటుకుపోయింది చూడు! రేపు ఆసామి మొహం ఎట్టా చూసేది?"

"దేవుడి మొహం ఎట్టా చూస్తన్నానో ఒక్కరోజన్నా అడిగారా నన్ను? పచ్చడి జాడీ పక్కన పెట్టి పోయారు, ఎర్రచేత్తో! తులసిని తగలేశారు! మీ ఆసామి మిల్లుకి పూలు కావాల, మా నాన్న కళ్ళకి దీపం అక్కర్లా?"

నాన్న ముందు ఎప్పుడూ గొంతెత్తలేదు నేను. మా ఆయన నోరు తెరిచి, మామగారు పక్కనున్నారని గుర్తొచ్చి మూసుకున్నాడు. నేను నాన్న వైపు చూశాను, ఒక్క మాట అంటాడని.

నాన్న వంగి, సోడాబుడ్డి కళ్ళద్దాలు విమానానికి ఆనేంత దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. పొట్ట మీద వేలు పోనిచ్చాడు.

"అల్లుడూ, ఇది రెండు చెక్కలన్నావుగా దారిలో. అతుకు ఏదయ్యా?"

"ఇక్కడ మామయ్యా. ముక్కు కింద నుంచి తోక దాకా."

"ఏదీ? ఆ గీతా? కాదు, అది వెంట్రుక." గోటితో తీసి చూపించాడు. "చూశావా, వెంట్రుక కనపడింది నాకు! ఈ దుమ్ము ఎంత, నీళ్ళకాయితంతో రుద్దితే పోయిద్దిగా?"

ఇద్దరూ మంచం అటొకరు ఇటొకరు కూర్చున్నారు. లోపల నేను దీపం వెలిగించాను. మూడొందల అరవై ఐదు ఒత్తుల కట్ట, మా పొలం పత్తితో నేనే చేసింది. గది అంతా వెలిగింది. "నాన్నా, దీపం," అని పిలిచాను. "వస్తన్నానమ్మా," అన్నాడు. రాలేదు. రెండోసారి పిలిస్తే, "ఈ రెక్క ఒక్కటీ అయినాక," అన్నాడు. మా ఆయనతో సమానంగా నాన్న మీదా కోపం వచ్చిన క్షణం నా జన్మకు అదొక్కటే. వచ్చేసరికి సగం ఒత్తులు కాలిపోయాయి. నిలబడి చేతులు జోడించి, "ఎంత వెలుగుందే," అన్నాడు. గోళ్ళ నిండా ఎర్రరంగు.

మర్నాడు అందరం చిలకలూరిపేటకు వెళ్ళాం. మిల్లు ముందు పందిరి, మేళం, జనం. ఆసామి విమానం రెక్క మీద బొటనవేలు రాసి, "ఏందబ్బాయ్, కొసన గరుగ్గా ఉందే?" అన్నాడు.

మా ఆయన అందరి మధ్యా, "ఇంట్లో ఆడోళ్ళు బయటపెట్టారండీ. కార్తీకం పూజలని," అన్నాడు. మగవాళ్ళంతా నవ్వారు. నేను ఆడవాళ్ళ వైపు నిలబడి విన్నాను. నా పక్కనే ఆసామి భార్య, తల వంచుకుని హారతి పళ్ళెం సర్దుకుంటోంది.

విమానం లేచింది. ఇంజన్లో కాలిన ఆముదం వాసన, కందిరీగల తుట్టె కదిలినట్టు చప్పుడు. రెండు చుట్లు తిరిగింది. పూలు వాడతాయని ఎవరో నీళ్ళు చల్లి విమానం పొట్ట కింది డబ్బాలో కూరారట, మూత తెరుచుకునేసరికి బంతిపూలు రేకులుగా రాలలేదు, తడిముద్దగా ఊడి డోలు వాయించేవాడి భుజం మీద పడింది. అయినా జనం ఈలలు వేశారు. నాన్న నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది దిగేదాకా తల తిప్పలేదు.

దిగాక ఆసామి సంబరంగా వచ్చాడు. "బానే ఎగిరింది. అయితే ఈ ఎరుపు ఏందో కంటికి ఆనట్లా. పచ్చరంగు కొట్టాల. ఇంటికి పట్టకపో, అబ్బాయ్, తాపీగా చేసి తీసకరా."

"అట్టాగేనండీ," అన్నాడు మా ఆయన.

నేను ముందుకు వచ్చాను. ఆసామితో అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడినదాన్ని కాను.

"అన్నయ్యగారూ, మా ఇంట్లో చోటు లేదండీ."

"చోటెంతమ్మా, బారెడేగా?"

"దానికి దుమ్ము పడని గది కావాల. మా ఇంట్లో అట్టాంటిది దేవుడి గది ఒక్కటే. ఇన్నాళ్ళూ మా దేవుణ్ణి లేపి పెట్టుకున్నాం. ఇక లేపను. మీ దేవుడి గది పెద్దదంట, అందులో పెట్టుకోండి. ఆయనొచ్చి రంగు వేసి పోతాడు."

ఆసామి మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల వైపు చూశాడు. వెనక నుంచి ఆసామి భార్య, "నా దేవుడి గదిలోనా? గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతా!" అంది. ఈసారి ఆడవాళ్ళు నవ్వారు. విమానం మిల్లులోనే ఉండిపోయింది.

సాయంత్రం బస్సులో తిరిగొచ్చాం. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని దీపం పెట్టాను. నాన్న అలసిపోయి వరండాలో నడుం వాల్చాడు. మా ఆయన దేవుడి గది గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వాసన ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది."

వెళ్ళి విసనకర్ర తెచ్చి, గడప లోపల కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. ఒత్తి అటూ ఇటూ ఊగింది.

"ఆపండి. కొండెక్కిద్ది," అన్నాను.

ఆపాడు. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. నేను దేవుడికి నాన్న కళ్ళ గురించి చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. చెప్పుకున్నాను, మా ఆయన వైపు చూడకుండా.